కండరముల యలసట వంశదోషమా?

ఉదయమున చక్కగ నుండు మనుష్యునకు సాయంకాలమగుసరికి కనురెప్పలు వాలును, మాట ముద్దగును, మెతుకు మ్రింగుట కష్టమగును. మన విజయనగరము, శ్రీకాకుళము పల్లెలలో దీనిని కొందరు గాలి యందురు, కొందరు సోమరితన మందురు. వైద్యులు మయస్థీనియా గ్రేవిస్ అందురు.

దేహమును కాపాడు రక్షకశక్తియే పొరబడి, నరము పంపు నాజ్ఞను కండరము గ్రహించు తావులను చెరచును. కావలివాడే యింటివారి నడ్డగించినట్లన్నమాట. 1934లో ఇంగ్లండునందు మేరీ వాకర్ అను వైద్యురాలు ఒక సూదిమందుచే వాలిన రెప్పను లేపి చూపెను. ఆ తెగకు చెందిన పిరిడోస్టిగ్మిన్ మాత్రలనే నేటికిని వాడుచున్నారు.

నేనెరిగిన యొక యింట తల్లి కీ రోగ మున్నదని కూతురి సంబంధము తప్పిపోయినది. ఇది న్యాయము గాదు. ఈ రోగము వంశపారంపర్యముగ దిగుట అరుదు. పుట్టుకతో వచ్చు వేరొక జాతి గలదు. అది బీజములోని దోషము. మేనరికములలో దానికి అవకాశ మెక్కువ. ఈ భేదమును నరముల వైద్యుడే తేల్చవలెను. విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రిలో నట్టి వైద్యులు గలరు.

మందు వేళతప్పక మ్రింగవలెను. ఏ క్రొత్తమందైనను పుచ్చుకొనుటకు ముందు ఈ రోగము సంగతి వైద్యునకు చెప్పవలెను. కొన్ని మందులు దీనిని పెంచును. ఊపిరి బరువైనచో తెల్లవారువరకు ఆగరాదు. సంబంధములు మాటలాడునపుడు పెద్దలు పై భేదమును తలచుకొనవలెనని నా మనవి.