మూడు కాపీలున్నా ప్లగ్గు ఒకటే అయితే? చిన్న సెఫ్ క్లస్టర్‌కి సెట్టింగ్స్ ఇలా పెట్టుకోండి

కొత్త ఫోన్ కొనేటప్పుడు 256 జీబీనా 512 జీబీనా అని గంటసేపు తన్నుకుంటాం. ఆ ఫోన్‌తో తీసినవన్నీ నాలుగేళ్ళ తర్వాత ఎక్కడ పడున్నాయో మాత్రం పట్టించుకోం. మనకైతే పోయినా కాసేపు బాధపడి ఊరుకుంటాం. ఎల్బీనగర్‌లో పెళ్ళి ఫొటోల స్టూడియో నడిపే ఒక అన్న ఉన్నాడు, ఆయనకి అలా కుదరదు. ఒక్క పెళ్ళికి రెండు మూడు కెమెరాలు, ఒక డ్రోన్, ముహూర్తం రోజు ఒకలా, రిసెప్షన్ రోజు ఒకలా. వందల జీబీ. ఆల్బమ్ చేతికిచ్చేలోపు ఆ ఫుటేజ్ పోతే తాళి మళ్ళీ కట్టించలేం కదా.

ఆయన దగ్గరున్నవి నాలుగు పాత ఆఫీస్ డెస్క్‌టాప్‌లు. రీఫర్బిష్డ్ సరుకు, ఒక్కోదాంట్లో 8 జీబీ ర్యామ్, ఓఎస్‌కి చిన్న ఎస్‌ఎస్‌డీ, డేటాకి 4 టీబీ హార్డ్ డిస్క్. వీటన్నిటినీ కలిపి ఒకే స్టోరేజ్‌లా చేయాలి, ఒక డబ్బా చచ్చినా పని ఆగకూడదు. ఇలాంటి పనికే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ స్టోరేజ్ ఉంది. మేం పెట్టింది సెఫ్. దిల్‌సుఖ్‌నగర్‌లో నా రూమ్‌లో మూడు మెషిన్ల ల్యాబ్ ఉంది కాబట్టి ఏ సెట్టింగ్ అయినా ముందు అక్కడ విరగ్గొట్టి చూసి, తర్వాతే ఎల్బీనగర్ పట్టుకెళ్ళాం.

ఒక మాట ముందే చెప్పేస్తా. ఒక్క షాపుకి ఇది కొంచెం ఓవరే. నాలుగు డిస్కుల న్యాస్ బాక్స్ ఒకటి కొని, దానికో బ్యాకప్ పెట్టుకుంటే చాలామందికి సరిపోతుంది. ఏడాదికో పాత మెషిన్ చేరుస్తూ పోవాలి, ఒకటి పోయినా ఎడిటింగ్ ఆగకూడదు అనుకునేవాళ్ళకే సెఫ్. లేదా నాలా దీన్ని నేర్చుకుని ఉద్యోగంలో వాడుకుందాం అనుకునేవాళ్ళకి.

సెఫ్ అంటే రెండు ముక్కల్లో

సేజ్ వీల్ అనే ఆయన అమెరికాలో శాంటాక్రూజ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ కోసం మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది. ఆ కంపెనీని, అంటే ఇంక్‌ట్యాంక్‌ని, 2014లో రెడ్ హ్యాట్ కొనేసింది. హిగ్స్ బోసాన్ ఫేమ్ సెర్న్ ల్యాబ్‌లోనూ ఇదే నడుస్తోంది. పేరు సెఫలోపాడ్ నుంచి వచ్చింది, అంటే ఆక్టోపస్ జాతి. అందుకే వెర్షన్లకి కూడా నాటిలస్, ఆక్టోపస్, రీఫ్, స్క్విడ్ అని సముద్రం పేర్లే, అక్షర క్రమంలో.

లోపల రెండు రకాల వాళ్ళని గుర్తుపెట్టుకుంటే చాలు. ఒక్కో డిస్కుకి ఒక ఓఎస్‌డీ, డేటా మోసేది అదే. మానిటర్లు, అంటే మాన్‌లు, ఎవరు బతికున్నారో ఎవరు లేరో లెక్క రాసుకునే పంచాయతీ పెద్దలు. పంచాయతీకి సగం కంటే ఎక్కువమంది హాజరవ్వాలి. అందుకే మాన్‌లు మూడు పెట్టండి. రెండు పెడితే ఒకటి పోగానే తీర్పు ఆగిపోతుంది. నాలుగు పెడితే? అప్పుడు కూడా ఒకటి పోతేనే తట్టుకుంటుంది, నాలుగోది ఊరికే కరెంట్ తింటుంది.

"రెండు కాపీలు చాలవా తమ్మీ?"

ఎక్కువసేపు వాదన జరిగింది ఇక్కడే. సెఫ్ డిఫాల్ట్‌గా ప్రతి ముక్కనీ మూడు కాపీలు దాస్తుంది. దీన్ని సైజ్ 3 అంటారు. మినిమమ్ సైజ్ 2, అంటే కనీసం రెండు కాపీలు అందుబాటులో ఉంటేనే చదవడం, రాయడం జరుగుతుంది.

నాలుగు 4 టీబీ డిస్కులంటే మొత్తం 16 టీబీ. మూడు కాపీలకి భాగిస్తే 5.3 టీబీ. ఒక మెషిన్ పోతే మిగతా మూడిట్లో మొత్తం డేటా పట్టాలి, ఆ మూడూ 85 శాతం దాటకూడదు అనుకుంటే 12 టీబీ ఇంటూ 0.85 బై 3, అంటే 3.4 టీబీ. పదహారు కొంటే వాడుకునేది మూడున్నర కూడా లేదు. ఈ లెక్క చూడగానే అన్న ముఖం మారిపోయింది. "రెండు కాపీలు చాలవా తమ్మీ? పైసలు చెట్లకు కాస్తున్నయా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. రెండు కాపీలైతే అదే లెక్కలో 5.1 టీబీ వస్తుంది.

నేను పేపర్ మీద ఒక రోజు గీసి చూపించా. సైజ్ 2, మినిమమ్ సైజ్ 1 పెట్టామనుకుందాం. పొద్దున పదింటికి మొదటి మెషిన్ కేబుల్ లూజై ఆగిపోయింది. పర్లేదు, రెండో కాపీ ఉంది, పని నడుస్తోంది. పది నుంచి పదకొండు దాకా రిసెప్షన్ కార్డులన్నీ కాపీ చేశాం, అవి రెండో మెషిన్ ఒక్కదాని మీదే పడ్డాయి. పదకొండింటికి ఆ డిస్కు చచ్చిపోయింది. మనం కంగారుగా మొదటి మెషిన్ కేబుల్ సరిచేసి ఆన్ చేశాం. దాని దగ్గరున్నది పదింటి నాటి డేటా. ఆ గంట ఫుటేజ్ ఎక్కడా లేదు. మొదటి మెషిన్ దగ్గరున్నది పాతదని సెఫ్‌కి తెలుసు కాబట్టి ఆ భాగాన్ని లాక్ చేసి కూర్చుంటుంది, మనిషొచ్చి తేల్చేదాకా కదలదు.

అయితే సైజ్ 2, మినిమమ్ సైజ్ కూడా 2 పెడదాం అంటారా? అప్పుడు ఒక్క మెషిన్ రీస్టార్ట్ చేసినా దాని మీద కాపీ ఉన్న డేటాతో పని ఆగిపోతుంది. ఏ కారణంతో సెఫ్ పెట్టుకున్నామో ఆ కారణమే పోయింది.

అన్న కాసేపు ఆ కాగితం వంకే చూశాడు. చివరికి తనే దారి చెప్పాడు. కస్టమర్‌కి ఇంకా డెలివరీ ఇవ్వని పెళ్ళిళ్ళు మాత్రమే క్లస్టర్‌లో, మూడు కాపీలతో. డెలివరీ అయిపోయినవి విడి హార్డ్ డిస్కుల్లోకి. ఏ సెట్టింగూ తేల్చలేని విషయం ఇది, ఎంత డేటా నిజంగా విలువైందో ఓనర్‌కే తెలుస్తుంది.

ఏ సెట్టింగ్ ఎక్కడ రాయాలి

పాత ట్యుటోరియల్స్ చూసి ప్రతి మెషిన్‌లోనూ సెఫ్ డాట్ కాన్ఫ్ ఫైల్ ఎడిట్ చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2018లో వచ్చిన మిమిక్ వెర్షన్ నుంచి సెట్టింగ్స్ అన్నీ మాన్‌ల దగ్గరే ఒక డేటాబేస్‌లో ఉంటాయి. "సెఫ్ కాన్ఫిగ్ సెట్" కమాండ్ ఒక్కచోట కొడితే క్లస్టర్ అంతటికీ వెళ్ళిపోతుంది. అన్ని ఓఎస్‌డీలకీ ఒకే మాట చెప్పొచ్చు, ఒక్క ఓఎస్‌డీకే చెప్పొచ్చు, ఫలానా హోస్ట్‌లో ఉన్నవాటికి లేదా ఎస్‌ఎస్‌డీ రకం వాటికి మాత్రమే అని మాస్క్ కూడా పెట్టొచ్చు.

ఒక మెలిక ఉంది. మెషిన్‌లో ఉన్న పాత కాన్ఫ్ ఫైల్‌లో అదే సెట్టింగ్ ఇంకో విలువతో ఉంటే, డేటాబేస్‌లో మీరు పెట్టిందాన్ని అది తొక్కేస్తుంది. మీరేమో సెట్ చేశా, మారట్లేదేంటి అని తల పట్టుకుంటారు. "కాన్ఫిగ్ గెట్" అంటే డేటాబేస్‌లో ఏముందో చెబుతుంది, "కాన్ఫిగ్ షో" అంటే ఆ ఓఎస్‌డీ ఇప్పుడు నిజంగా ఏ విలువతో నడుస్తోందో చెబుతుంది. ఈ రెండూ తేడాగా కనిపిస్తే ఆ మెషిన్‌లో కాన్ఫ్ ఫైల్ తెరిచి చూడండి. "కాన్ఫిగ్ లాగ్" ఇంకా బాగుంటుంది, ఎప్పుడు ఏది మార్చామో వరసగా చూపిస్తుంది. ఇద్దరు ముగ్గురు చేతులు పెట్టే క్లస్టర్‌లో ఇది ప్రాణం కాపాడుతుంది.

8 జీబీ మెషిన్లకి మొదట మార్చాల్సింది ఓఎస్‌డీ మెమరీ టార్గెట్. డిఫాల్ట్ 4 జీబీ. దాని పక్కనే మాన్, మేనేజర్, ఓఎస్ అన్నీ ఉండాలి కదా. మేం 2 జీబీకి దించాం. ఇది టార్గెట్ మాత్రమే, గీసిన గీత కాదు, రికవరీ నడిచేటప్పుడు కాస్త దాటుతుంది. సెఫ్ఏడీఎమ్‌తో ఇన్‌స్టాల్ చేస్తే ఆటోట్యూన్ ఆన్ అయి ఉంటుంది, మెషిన్ మెమరీలో 70 శాతాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. అదే మెషిన్ మీద ఎడిటింగ్ సాఫ్ట్‌వేరో వర్చువల్ మెషిన్లో నడుపుతుంటే ఆ నిష్పత్తిని 0.2కి తగ్గించమని డాక్యుమెంటేషనే చెబుతోంది.

రికవరీ వేగం పెంచడానికి మ్యాక్స్ బ్యాక్‌ఫిల్స్ మార్చండి అనే సలహా ఎక్కడ చూసినా దొరుకుతుంది. క్విన్సీ వెర్షన్ నుంచి ఎమ్‌క్లాక్ షెడ్యూలర్ డిఫాల్ట్ అయింది, అది మీరు పెట్టిన ఆ నంబర్‌ని పట్టించుకోదు. దానికి బదులు ప్రొఫైల్ మార్చుకోవాలి. ఎడిటింగ్ నడిచే పగలు హై క్లయింట్ ఆప్స్, రాత్రికి హై రికవరీ ఆప్స్. మా క్లస్టర్‌లో ఇది బాగా పనిచేసింది.

నెట్‌వర్క్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పబ్లిక్ నెట్‌వర్క్, క్లస్టర్ నెట్‌వర్క్ అని రెండుగా విడగొట్టొచ్చు. నాలుగు డబ్బాలకి అది అనవసరపు తలనొప్పి. ఆ డబ్బులతో ఒక 2.5 గిగాబిట్ స్విచ్ తెచ్చుకోండి.

నిండిపోతే ఏమవుతుంది

మూడు గీతలుంటాయి: 85 శాతానికి హెచ్చరిక, 90కి ఆ డిస్కు మీదకి కాపీలు తరలించడం ఆపేస్తుంది, 95కి రాతలు పూర్తిగా బంద్. ఏ ఒక్క ఓఎస్‌డీ 95 తాకినా అంతే, మిగతావి ఖాళీగా ఉన్నాయని వదలదు. ఫోన్‌లో స్టోరేజ్ ఫుల్ అయితే నాలుగు వాట్సాప్ వీడియోలు డిలీట్ చేసి బయటపడతాం. ఇక్కడ నిండిపోయాక డిలీట్ చేయడం కూడా గొడవే. ఈ శాతాలని నడుస్తున్న క్లస్టర్‌లో మార్చాలంటే కాన్ఫిగ్ సెట్ పనికిరాదు, వేరే ఓఎస్‌డీ సెట్ ఫుల్ రేషియో కమాండ్ ఉంది. కానీ 95ని 97 చేసి ఊపిరి పీల్చుకోవడం కంటే డిస్కు కొనడం మంచిది.

పొరపాటున పూల్ డిలీట్ చేస్తామేమో అని భయం వద్దు. డిఫాల్ట్‌గా మాన్‌లు ఒప్పుకోవు. ఆ తాళం తీసినా పూల్ పేరు రెండుసార్లు రాసి, చివర "యెస్ ఐ రియల్లీ రియల్లీ మీన్ ఇట్" అని కూడా టైప్ చేయాలి. రియల్లీ రెండుసార్లు. జోక్ కాదు, నిజంగా అదే ఫ్లాగ్ పేరు.

కరెంటు సంగతి

సెఫ్‌లో క్రష్ మ్యాప్ అని ఉంటుంది. మూడు కాపీలూ ఒకే మెషిన్ మీద పడకుండా చూసేది అదే. దానికి మెషిన్ అంటే ఏంటో తెలుసు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అంటే తెలీదు. నాలుగు డెస్క్‌టాప్‌లూ ఒకే బాక్స్‌కి గుచ్చి, దాని స్విచ్ మీద ఎవరి కాలో తగిలితే మూడు కాపీలూ ఒకే క్షణంలో పోతాయి. స్టూడియోలో మేం రెండేసి మెషిన్లకి ఒక యూపీఎస్ చొప్పున, వేరు వేరు గోడల ప్లగ్గులకి పెట్టాం. మన ఏరియా ఇళ్ళలో ఇన్వర్టర్ ఉన్నా అది చాలాచోట్ల ఫ్యానుకీ లైటుకీ మాత్రమే, ప్లగ్ పాయింట్లకి కనెక్షన్ ఉండదు. ముందు అది చూసుకోండి.

ఎస్‌ఎస్‌డీల విషయంలో ఇంకో సంగతి. మనం కొనే మామూలు ఎస్‌ఎస్‌డీల్లో కరెంట్ పోయినప్పుడు ఆఖరి రాతలని కాపాడే కెపాసిటర్లు ఉండవు. సెఫ్ ప్రతి రాతనీ డిస్కులో నిజంగా పడిందా అని అడుగుతుంది, అందుకే బెంచ్‌మార్క్‌లో 500 ఎంబీ చూపించే ఎస్‌ఎస్‌డీ ఇక్కడ నత్తలా నడుస్తుంది. పాత సర్వర్ల నుంచి తీసిన ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే అది మేలు.

పాత డెస్క్‌టాప్‌ల జబ్బు మరొకటి: మదర్‌బోర్డ్ మీది గుండ్రటి బ్యాటరీ. అది అయిపోతే కరెంట్ వచ్చాక గడియారం ఎక్కడికో వెళ్ళిపోతుంది. మాన్‌ల మధ్య 0.05 సెకన్ల తేడా దాటితేనే సెఫ్ గోల పెడుతుంది. బ్యాటరీలు నాలుగూ మార్చేసి, క్రోనీ పెట్టండి.

ఒక మెషిన్ ఆగిపోతే సెఫ్ 600 సెకన్లు చూసి, ఇక రాదులే అని కాపీలు మిగతావాటి మీదకి తోయడం మొదలుపెడుతుంది. దుమ్ము దులపడానికి పావుగంట ఆపారనుకోండి, అనవసరంగా వందల జీబీ కదులుతుంది. ముందే నోఅవుట్ ఫ్లాగ్ పెట్టి, పని అయ్యాక తీసేయండి. తీయడం మర్చిపోకండి, అది ఉన్నంతసేపూ స్టేటస్‌లో పసుపు హెచ్చరిక కనిపిస్తూనే ఉంటుంది. పెద్ద మార్పులకి అన్న దగ్గర ఒక సౌకర్యం ఉంది: ఆషాఢం. పెళ్ళిళ్ళుండవు, ఎడిటింగ్ బ్యాక్‌లాగ్ తప్ప కొత్త ఫుటేజ్ రాదు. వెర్షన్ అప్‌గ్రేడ్ ఆ నెలకే పెట్టుకున్నాం.

రెండిళ్ళ మధ్య ఒకే క్లస్టర్?

ఒక మెషిన్ దిల్‌సుఖ్‌నగర్‌లో, మూడు ఎల్బీనగర్‌లో పెడితే బిల్డింగ్ మొత్తం పోయినా డేటా ఉంటుంది కదా అని అన్న అడిగాడు. ఆలోచన మంచిదే. కానీ సెఫ్‌లో ఒక రాత పూర్తయిందని చెప్పాలంటే ఆ కాపీలన్నిటి దగ్గర్నుంచీ జవాబు రావాలి. అంటే ప్రతి ఫైలూ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ అప్‌లోడ్ వేగంతో నడుస్తుంది. రెండు చోట్ల నడపడానికి స్ట్రెచ్ మోడ్ అని ఉంది, దానికి నాలుగు కాపీలు, మూడోచోట ఒక తీర్పు మాన్, మధ్యలో మంచి లింక్ కావాలి. షాపుకి అయ్యే పని కాదు.

కాబట్టి దాన్ని క్లస్టర్‌లో కలపలేదు. వారానికోసారి రెస్టిక్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్ ఒక 4 టీబీ డిస్కులోకి తీస్తాం, అది నా బ్యాగ్‌లో దిల్‌సుఖ్‌నగర్ వస్తుంది. మెట్రోలో విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటితే దిల్‌సుఖ్‌నగరే. పావుగంటలో 4 టీబీ అంటే సెకనుకి 35 గిగాబిట్లు, అంత ఫైబర్ మనింటికి ఎవరిస్తారు? డిస్కులోకి కాపీ చేసే గంటలు లెక్కేయలేదు లెండి.

మీరు పెట్టుకుంటే మాత్రం, అసలు ఫుటేజ్ ఎక్కించే ముందు డమ్మీ ఫైళ్ళతో సగం నింపి, ఫైల్ కాపీ అవుతుండగానే ఒక మెషిన్ ప్లగ్గు పీకి చూడండి. కాపీ కొన్ని సెకన్లు ఆగి మళ్ళీ సాగాలి. పది నిమిషాల తర్వాత రికవరీ మొదలవ్వాలి. రెండో మెషిన్‌ది కూడా పీకితే కొన్ని ఫైళ్ళు ఆగిపోవాలి, రెండూ పెట్టగానే అన్నీ తిరిగి రావాలి. ఈ నాలుగూ కళ్ళతో చూశాకే అన్న మొదటి పెళ్ళి కార్డు కాపీ చేయడానికి ఒప్పుకున్నాడు.