అరవై గంటలకు ఏ పుస్తకం?

బీఎస్సీలో ఫిజిక్స్ తీసుకున్న పిల్లలు కాలేజీ తెరిచిన కొద్ది రోజులకే అడిగే ప్రశ్న: "సార్, ఏ పుస్తకం కొనమంటారు?" సీనియర్లు ఒక పేరు చెబుతారు, షాపులో ఇంకో పేరు చెబుతారు. పేర్ల కన్నా ముందు గంటలు లెక్కపెట్టుకోవాలి.

2020–21లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో అమలైన సిలబస్‌నే చూడండి. మొదటి పేపర్ యాంత్రిక శాస్త్రం, తరంగాలు, డోలనాలు. 5 యూనిట్లు, ఒక్కోదానికి 12 గంటలు, మొత్తం 60. సిలబస్ తర్వాత మారింది, ఇంకా మారుతుంది. వారానికి 4 గంటలు, 15 వారాలు అనే చట్రం మాత్రం చాలా చోట్ల అదే.

ఈ చట్రంలో పెట్టి చూస్తే పెద్ద పేర్లు కొత్తగా కనిపిస్తాయి. హాలిడే–రెస్నిక్ 1960లో మొదలైంది. వాకర్ చేతుల్లోకి వచ్చాక కూడా కొత్త ఎడిషన్లు వస్తూనే ఉన్నాయి. పూర్తి ఎడిషన్‌లో 44 అధ్యాయాలు, వెయ్యికి పైగా పేజీలు. మన పేపర్‌కు కావలసినవి ఇందులో చెల్లాచెదురుగా ఉంటాయి. న్యూటన్ నియమాలు మొదట్లోనే వస్తాయి, డోలనాలు 15వ అధ్యాయంలో, సాపేక్షతా సిద్ధాంతం ఎక్కడో 37వ అధ్యాయంలో. దృఢ వస్తువుల భ్రమణానికి ఆయిలర్ సమీకరణాలు అసలు లేవు. కేంద్రీయ బలాల యూనిట్‌కు 12 గంటలు కేటాయించారు. ఈ పుస్తకం కెప్లర్ నియమాలను చెబుతుంది కానీ గ్రహ కక్ష్య దీర్ఘవృత్తమే ఎందుకవుతుందో సాధించి చూపదు. ఇంటర్‌లో పునాది సరిగా పడని విద్యార్థికి ఇది మంచి స్నేహితుడే. పేపర్ మొత్తానికి ఇదొక్కటే చాలనుకుంటే రెండో యూనిట్‌లోనే చిక్కుకుపోతాడు.

1973లో వచ్చిన క్లెప్నర్–కొలెంకో పుస్తకానిది ఇంకో దారి. 14 అధ్యాయాలు, 500 పైచిలుకు పేజీలు, అంతా యాంత్రిక శాస్త్రమే. కేంద్రీయ బలాలకు ఒక పూర్తి అధ్యాయం ఉంది, కక్ష్య సమీకరణం అక్కడ అంచెలంచెలుగా తేలుతుంది. ఆయిలర్ సమీకరణాలు ఉన్నాయి. మొదటి ముద్రణలో చివరి 4 అధ్యాయాలూ సాపేక్షతకే ఇచ్చారు. అంటే మొదటి మూడు యూనిట్లకు, 36 గంటలకు, ఈ ఒక్క పుస్తకం సరిపోతుంది. మిగిలిన 24 గంటల్లో యుగ్మిత డోలకాలకు, సాగదీసిన తీగ కంపనాలకు ఎ.పి. ఫ్రెంచ్ 1971లో తెచ్చిన కంపనాలు–తరంగాల పుస్తకం కన్నా హాయిగా చదివించేది నాకు తెలిసి లేదు. అతిధ్వనుల దగ్గర ఈ రెండూ ఆగిపోతాయి. అక్కడ సిలబస్ ప్రకారం రాసిన మన పుస్తకమే దిక్కు. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలను గైడ్ల పక్కన పడేసి తక్కువగా చూడటం నాకు బాధగా ఉంటుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు అవరుద్ధ డోలనాలు, బలాత్కృత డోలనాలు అప్పటికే పరిచయమైన మాటలు. ఆ ఆధారంతో ఇంగ్లిష్ పుస్తకంలోకి అడుగుపెడితే భయం సగం తగ్గుతుంది.

ఇక లెక్కల సంగతి. వారానికి 5 లెక్కలు, లెక్కకు అరగంట చొప్పున వేసుకుంటే 15 వారాల్లో 75 లెక్కలు, 37 గంటల 30 నిమిషాలు. మిగతా సబ్జెక్టులూ ఉన్న విద్యార్థికి ఇంతకు మించి సాధ్యం కాదు. ఇరొడొవ్ లెక్కల పుస్తకంలో సుమారు 1,900 ఉన్నాయి. అదే వేగంతో అన్నీ చేయాలంటే 950 గంటలు పడుతుంది, దాదాపు 16 పేపర్ల తరగతి సమయం. అందుకే ఎన్ని లెక్కలున్నాయన్నది పుస్తకానికి కొలత కాజాలదు. మీ 75 లెక్కలను మెట్టు మెట్టుగా పేర్చి ఇస్తుందా, సాధించిన ఉదాహరణలో ఒక అడుగు ఎందుకు వేశారో చెబుతుందా అని చూడాలి. ఫైన్‌మన్ ఉపన్యాసాల 3 సంపుటాల్లో 52, 42, 21 కలిపి 115 అధ్యాయాలున్నాయి. ఏ అధ్యాయం చివరా అభ్యాసాలు లేవు, అవి విడిగా అచ్చయ్యాయి. పాఠం ఒకసారి అర్థమయ్యాక ఈ ఉపన్యాసాలను చదివితే ఆనందం. పాఠంగా వాటినే పెట్టుకుంటే చేతికి పని దొరకదు.

పాత పుస్తకాలు కొనేవాళ్లు, కోఠీలోనైనా విజయవాడ లెనిన్ సెంటర్‌లోనైనా, ఒక్క పేజీ తెరిచి ప్రమాణాలు చూసుకోవాలి. పర్సెల్ విద్యుదయస్కాంత శాస్త్రం 1965 నాటి అద్భుతం. కదిలే ఆవేశం నుంచి, సాపేక్షత సాయంతో, అయస్కాంత బలాన్ని రాబట్టి చూపిస్తాడు. కానీ పాత ముద్రణలు సీజీఎస్ పద్ధతిలో ఉంటాయి. మీ పరీక్షలో కూలుంబ్ నియమం ముందు 9 × 10⁹ ఉంటుంది, ఆ పుస్తకంలో అక్కడ 1 ఉంటుంది. అయస్కాంత బలం సూత్రంలో కాంతివేగం హారంలో వచ్చి కూర్చుంటుంది. 1 టెస్లా అంటే 10,000 గాస్. సొంతంగా చదువుకునే పిల్లవాడు తప్పు తనదేమో అనుకుని పుస్తకం మూసేస్తాడు. 2013లో మోరిన్ సవరించిన మూడో ఎడిషన్ ఎస్ఐకి మారింది, కొంటే అదే కొనాలి. యాంత్రిక శాస్త్రానికి మాత్రం పాత ఎడిషన్ నిస్సంకోచంగా తీసుకోవచ్చు. 2019 మే 20న కిలోగ్రామ్ నిర్వచనం మారింది, కానీ వాలుతలంపై జారే దిమ్మె లెక్కకు జవాబు మారలేదు.

డబ్బు లేదని ఎవరూ ఆగిపోనక్కర్లేదు. రైస్ విశ్వవిద్యాలయం నడిపే ఓపెన్‌స్టాక్స్ యూనివర్సిటీ ఫిజిక్స్ 3 సంపుటాలూ 2016 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి. ఫైన్‌మన్ ఉపన్యాసాలను కాల్‌టెక్ నెట్‌లో చదువుకోనిస్తోంది.

కాలేజీ లైబ్రరీలకు నాదొక విన్నపం. 60 మంది తరగతికి ఒక్క ప్రతి ఉంటే, 90 పనిదినాల సెమిస్టర్‌లో ఒక్కొక్కరి వంతు రోజున్నర. ఆ రోజున్నరలో కేంద్రీయ బలాల అధ్యాయం ఎవరికీ ఎక్కదు. ఆరు రకాల పుస్తకాలు ఒక్కొక్కటి తెప్పించే బదులు క్లెప్నర్ ఆరు ప్రతులు తెప్పించండి. ఒక్కొక్కరికీ 9 రోజులు దక్కుతాయి, ఇద్దరేసి కలిసి చదివితే 18.