తినకుండా లేచిపోయే పిల్ల

కథలో ఏం చెప్పాలో తెలియడం ఒక ఎత్తు, ఏం చెప్పకుండా వదిలెయ్యాలో తెలియడం మరో ఎత్తు. కథలు రాసేదాన్ని కనుక ఆ రెండోది ఎంత కష్టమో నాకు తెలుసు. దాన్ని నాలుగు నిమిషాల పాటలో సాధించింది అమెరికా గాయని బాబీ జెంట్రీ. పల్లెల కంట్రీ బాణీకి, నల్లజాతివారి సోల్ సంగీతానికి ముడివేసి, తన పాటలు తానే రాసుకుని పాడిన తొలితరం వాళ్లలో ఆమె ఒకరు.

1942లో మిసిసిపీ రాష్ట్రంలో పుట్టింది. అమ్మానాన్నా విడిపోతే తాతయ్య, నానమ్మల పొలంలో పెరిగింది. మనవరాలి సరదా చూసి నానమ్మ పాడి ఆవునిచ్చి పొరుగువాళ్ల పియానో తెచ్చిందట! ఏడేళ్లకే పాట కట్టింది ఆ పిల్ల.

1967లో వచ్చిన ‘ఓడ్ టు బిల్లీ జో’ ఆమెకు పేరు తెచ్చింది. పొలం నుంచి వచ్చి అందరూ భోజనానికి కూర్చుంటారు. బిల్లీ జో అనే కుర్రాడు వంతెన మీంచి దూకి చనిపోయాడని తల్లి చెబుతుంది. ఆ కబురూ, వడ్డనా పక్కపక్కనే నడుస్తాయి. కథ చెప్పే అమ్మాయి మాత్రం ముద్ద ముట్టదు. ఎందుకు తినలేదని తల్లి అడుగుతుంది, అంతకుమించి ఎవరూ ఆలోచించరు. వాళ్లిద్దరూ వంతెన మీంచి ఏం విసిరారని లోకమంతా అడిగింది. అది ముఖ్యం కాదు, తెలియకుండానే మనం చూపే నిర్దయే ముఖ్యమంది జెంట్రీ.

ఆ పాట బీటిల్స్ పాటను దించి నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1968లో ఆమెకు మూడు గ్రామీలు వచ్చాయి. ఆ ఏడే బీబీసీలో సొంత కార్యక్రమం నడిపింది. 1971లో ‘ప్యాచ్‌వర్క్’ ఆల్బమ్‌కు నిర్మాతా తానే అయింది. పేదింటి ఆడపిల్ల కథగా ఆమె రాసిన ‘ఫ్యాన్సీ’ని 1990ల మొదట్లో రీబా మెకెంటైర్ పాడి మళ్లీ జనం నోట పలికించింది. జెంట్రీ మాత్రం 1982 తర్వాత వేదికెక్కలేదు. కారణమూ చెప్పలేదు.

పేపర్లో ఏ ఘోరమో చదివి ‘అయ్యో పాపం’ అని, ఆ వెంటనే ‘కాస్త పెరుగు వెయ్యి’ అనడం మన ఇళ్లలోనూ ఉన్నదేగా! ఈసారి పెరుగు వడ్డించేటప్పుడు, కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్న పిల్ల ముఖం కూడా ఒక్కసారి చూద్దాం.