మందుల పేటెంట్లు – ప్రజారోగ్యము

నూతన ఔషధమును కనిపెట్టినవారు కొంతకాలము దానిని తామే తయారుచేసి అమ్ముకొనుటకు చట్టము ఇచ్చు హక్కును పేటెంటు అందురు. మన దేశమున దీని గడువు దరఖాస్తు పెట్టిన నాటినుండి 20 సంవత్సరములు. పరిశోధనకై వెచ్చించిన ధనము, శ్రమ వృథా కాకుండుటకే ఈ ఏర్పాటు. అయితే వెల మితిమీరినచో, మందు ఉన్నను పేదరోగికి అది లేనట్లే.

ఈ చిక్కునకు 1970 నాటి పేటెంట్ల చట్టము 84వ సెక్షనులో ఒక మార్గము చూపినది. పేటెంటు ఇచ్చి 3 సంవత్సరములు గడచిన పిదప, ఆ మందు ప్రజల అవసరములకు చాలినంత లభింపకపోయినను, సరసమైన ధరకు దొరకకపోయినను, ఆ పేటెంటు మన దేశమున వినియోగింపబడకపోయినను, దానిని తయారుచేయుటకు ప్రభుత్వాధికారి ఇతరులకు అనుమతి నీయవచ్చును. దీనినే నిర్బంధ లైసెన్సు అందురు.

మన దేశమున ఇట్టి లైసెన్సును మొట్టమొదట పొందినది హైదరాబాదులోని నాట్కో ఫార్మా సంస్థ. ముదిరిన మూత్రపిండ, కాలేయ క్యాన్సర్లకు వాడు సోరాఫెనిబ్ అను మందుపై జర్మనీకి చెందిన బేయర్ సంస్థకు 2008లో పేటెంటు లభించెను. నాడు ఒక నెలకు కావలసిన మాత్రల వెల సుమారు 2,80,000 రూపాయలు. వానినే 8,880 రూపాయలకు మించకుండ అమ్మవలెనను నియమముతో 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలరు నాట్కోకు లైసెన్సు నిచ్చెను. బేయరునకు అమ్మకములపై నూటికి 6 వంతున రాయల్టీ చెల్లించవలెననియు, ఏటేట 600 మంది పేదరోగులకు మందు ఉచితముగా ఈయవలెననియు విధించెను. బేయర్ అప్పీలు చేయగా, 2013లో అప్పీలు బోర్డు రాయల్టీని 7 వంతులకు పెంచి, లైసెన్సును ఖాయపరచెను. 2014లో బొంబాయి హైకోర్టు అట్లే తీర్పు చెప్పెను. సుప్రీంకోర్టు జోక్యము చేసికొనలేదు.

ఈ మందు విషయమున ఢిల్లీ హైకోర్టులో మరియొక వ్యాజ్యము నడచెను. పేటెంటు ఉన్నంతకాలము సిప్లా సంస్థ తయారుచేయు మందుకు ఔషధ నియంత్రణాధికారి అనుమతి ఈయరాదని బేయర్ కోరెను. 2009లో న్యాయస్థానము ఆ కోరికను త్రోసిపుచ్చెను. 2010లో ధర్మాసనము దానినే స్థిరపరచెను. మందు గుణమును, క్షేమమును పరీక్షించుట ఔషధ నియంత్రణాధికారి విధి. పేటెంటు ఉల్లంఘనపై విచారణ న్యాయస్థానముల పని.

కావున జెనరిక్ మందును నకిలీ మందుగా భావించరాదు. అందు ఉండు ఔషధపదార్థము అసలు మందులోనిదే. వైద్యుని సలహాతో జెనరిక్ మందును వాడవచ్చును. కొనునపుడు మందు పేరు, తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, గడువు తేదీ చూచి, బిల్లు తప్పక తీసికొనవలెను.