పిల్లి పాదం మళ్లీ మళ్లీ వాస్తుంటే: కారణం పట్టుకునేది ఎలా?

ఎప్పుడూ మిద్దెతోట, జీవామృతం, కషాయాల గురించి చెప్పుకుంటాం కదా, ఈసారి పిల్లి పాదం గురించి చెప్తాను. మన మిత్రుల్లో చాలామంది ఇళ్లలో పిల్లి ఉంది. ఎలుకల కోసం పెంచేవాళ్లు కొందరు, ప్రేమతో పెంచేవాళ్లు కొందరు. ఎవరు పెంచినా అది తిరిగేది మన మట్టిలోనే, మనం పరిచిన ఎండుగడ్డి మీదే. అందుకే దాని పాదం సంగతి మనకు తెలిసుండాలి. పాదం కడగడం, చుట్టి పట్టుకోవడం వీడియోలో చూపించాను. వీడియోలో చెప్పడానికి కుదరని వివరాలు ఇక్కడ రాస్తున్నాను.

మా బంగారికి వచ్చిన సమస్య

మేముండేది జీడిమెట్లలో, ఫాక్స్ సాగర్ చెరువుకు దగ్గర్లో. మా చుట్టుపక్కల ఖాళీ ప్లాట్లు ఉన్నాయి, వాటినిండా సర్కారు తుమ్మ. కొందరు దాన్నే నరికి ప్లాటు చుట్టూ కంప వేస్తారు. మా పిల్లి పేరు బంగారి. నాలుగేళ్ల ఆడపిల్లి, మూడున్నర కిలోల బరువు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ ప్లాట్లన్నీ ఒక చుట్టు చుట్టి వస్తుంది.

దాని ముందు ఎడమ పాదంలో రెండు వేళ్ల మధ్య వాపు వచ్చింది. కుంటుతోంది, అదేపనిగా నాకుతోంది. దగ్గర్లో ఉన్న వెటర్నరీ డాక్టర్ గారికి చూపించాం. చీము తీసి, వారం రోజులకు యాంటీబయాటిక్ రాశారు. "తగ్గిపోతుంది. కానీ మళ్లీ అదే చోట వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా తీసుకురండి" అని ఆరోజే చెప్పారు. మూడు రోజుల్లో వాపు దిగింది. మందు అయిపోయిన పదిహేను రోజులకు మళ్లీ అక్కడే లేచింది. రెండోసారి రెండు వారాల మందు. మళ్లీ తగ్గింది. ఇరవై రోజులకు మళ్లీ వచ్చింది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాల్సింది ఒకటుంది. మందు తిన్నన్నాళ్లు తగ్గుతోంది, ఆపగానే అదే చోట లేస్తోంది. అంటే మందు పనిచేయట్లేదని కాదు, లోపల ఏదో దిగి ఉండిపోయిందని. తోటలో ఒకే మొక్క ప్రతిసారీ వాడిపోతుంటే ఆకుల మీద పిచికారీ చేస్తూ కూర్చోం కదా, మొదలు దగ్గర తవ్వి చూస్తాం. ఇదీ అంతే.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు చూడాల్సిన నాలుగు విషయాలు

మొదటిది, ఒకే పాదమా, ఎక్కువ పాదాలా? ఒకే పాదంలో, ఒకే చోట వస్తుంటే ముల్లు, గాజు పెంకు, గడ్డి గింజ, ఇంకో పిల్లి కరిచిన గాటు, లోపలికి పెరిగిన గోరు, వీటిని అనుమానించాలి. ముసలి పిల్లుల్లో గోరు మందంగా వంపు తిరిగి పాదంలోకే గుచ్చుకుపోతుంది. ముఖ్యంగా ముందు కాళ్ల లోపలివైపు, నేలకు తగలని బొటనవేలి గోరు. పిల్లికి ముందు పాదాలకు ఐదేసి వేళ్లు, వెనక పాదాలకు నాలుగేసి ఉంటాయి. ఆ ఐదోదాన్ని చాలామంది చూడరు.

రెండోది, వాపు ఎక్కడ? వేళ్ల మధ్యా, గోరు మొదట్లోనా, అడుగున ఉండే మెత్తటి ప్యాడ్‌లోనా? పెద్ద ప్యాడ్ దిండులా ఉబ్బి, ఊదారంగుకు తిరిగి, పైన సన్నటి తెల్లగీతలు కనిపిస్తే అది ప్లాస్మా సెల్ పోడోడెర్మటైటిస్ అనే జబ్బు కావచ్చు. తేలిగ్గా పిల్లో ఫుట్ అంటారు. ఇది ఎక్కువగా ఒకటికంటే ఎక్కువ పాదాల్లో వస్తుంది. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ తేడా చేయడం వల్ల వచ్చేది, ముల్లుతో సంబంధం లేదు. సూదితో కొంచెం తీసి పరీక్షిస్తే తెలుస్తుంది. దీనికి డాక్సీసైక్లిన్‌ని కొన్ని వారాలపాటు వాడతారు. ఈ మాత్ర వేశాక తప్పకుండా ఐదారు మిల్లీలీటర్ల నీళ్లు సిరంజితో తాగించాలి, లేదా వెంటనే తిండి పెట్టాలి. మాత్ర గొంతులో ఇరుక్కుంటే పిల్లి అన్నవాహిక పుండైపోతుంది.

మూడోది, వెంట్రుకలు ఊడుతున్నాయా, పొట్టు లేస్తోందా? అలా ఉంటే తామర కావచ్చు. పిల్లి నుంచి మనకూ, పిల్లలకూ అంటుకుంటుంది. ఇంట్లో ఎవరికైనా గుండ్రటి మచ్చలు వచ్చి ఉంటే అది కూడా డాక్టర్ గారికి చెప్పండి.

నాలుగోది, వయసు. పదేళ్లు దాటిన పిల్లికి ఒకేసారి రెండు మూడు వేళ్లు వాస్తే ఛాతీ ఎక్స్‌రే తీయించమంటారు. ఊపిరితిత్తుల్లో పుట్టిన క్యాన్సర్ పిల్లుల్లో వేళ్లకు పాకడం ఉంది. దగ్గు లేకపోయినా ముందు కుంటడమే కనిపించవచ్చు.

ఇవన్నీ ఒక నోటుబుక్కులో తేదీలతో రాసి పెట్టుకోండి. వాపు వచ్చిన రోజు, మందు మొదలుపెట్టిన రోజు, ఆపిన రోజు, మళ్లీ వచ్చిన రోజు. ఫోన్లో ఫొటో తీసేటప్పుడు పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టండి, సైజు తెలుస్తుంది. బంగారి విషయంలో మూడుసార్లూ అదే పాదం, అదే వేళ్ల సందు. ఆ పేజీ చూడగానే డాక్టర్ గారు "మందు మార్చి లాభం లేదు, లోపల చూడాలి" అన్నారు.

లోపల ఏముంది?

ముందు ఎక్స్‌రే తీశారు. ముల్లు కనిపించలేదు. కనిపించదు కూడా. లోహం, రాయి ఎక్స్‌రేలో బాగా తెలుస్తాయి గానీ చెక్క, ముల్లు, గడ్డి తెలియవు. అయినా ఎక్స్‌రే దండగ కాదు, ఎముకకు చీము పట్టిందా లేదా అన్నది దాంతో తెలుస్తుంది. ఎముకకు పడితే కొన్నిసార్లు వేలు తీసేయాల్సి వస్తుంది. మాకు అంతదాకా రాలేదు.

తర్వాత అల్ట్రాసౌండ్ స్కాన్‌లో సన్నటి గీతలాంటిది కనిపించింది. మత్తిచ్చి, వేళ్ల మధ్య చిన్న గాటు పెట్టి తీస్తే సర్కారు తుమ్మ ముల్లు కొస, సెంటీమీటరు కూడా లేదు. సెలైన్‌తో కడిగి, కుట్లు వేయకుండా వదిలేశారు. లోపలి చీము బయటికి రావాలంటే దారి ఉండాలి. చీమును పరీక్షకు పంపి, దానికి తగిన మందే పది రోజులు ఇచ్చారు. ఇప్పటికి నాలుగు నెలలైంది, మళ్లీ రాలేదు.

సర్కారు తుమ్మ ముల్లు గుచ్చుకున్నప్పుడు కొస విరిగి లోపలే ఉండిపోవడం పొలం పని చేసేవాళ్లకు తెలిసిన విషయమే. మనమైతే నొప్పి అని చెప్తాం, పిన్నీసుతో తీసుకుంటాం. పిల్లి చెప్పదు, దాచుకుంటుంది. పైచర్మం తొందరగా మూసుకుపోతుంది, లోపల చీము పడుతుంది.

మన కషాయాలు పిల్లికి వద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యం. మనకు ప్రకృతి వ్యవసాయం మీద నమ్మకం ఉంది కాబట్టి చేతికి ముందు వచ్చేవి వేపనూనె, పసుపు, గోమూత్రం. మా అమ్మ కూడా "కాస్త వేపనూనె రాయరా" అంది. నేను రాయలేదు. కారణం చెప్తాను.

పాదానికి రాసింది ఏదైనా ఐదు నిమిషాల్లో పిల్లి కడుపులోకి పోతుంది, నాకేస్తుంది కాబట్టి. పిల్లి కాలేయంలో కొన్ని పదార్థాలను విరిచి బయటికి పంపే ఎంజైము చాలా తక్కువ. కుక్క తట్టుకున్నది పిల్లి తట్టుకోలేదు. వేపనూనెతో పిల్లులకు చొంగ కారడం, వణుకు రావడం జరుగుతుంది. అగ్నిఅస్త్రంలో పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి ఉంటాయి, దగ్గరికి రానివ్వొద్దు. జీవామృతం అంటేనే సూక్ష్మజీవుల ద్రవం. మట్టికి ప్రాణం, పుండుకు కాదు. పసుపు ముద్ద పెడితే చీము కారే దారి మూసుకుపోతుంది.

ఫినాయిల్, డెట్టాల్ లాంటివి, కర్పూరం, కుక్కల పిడుదులకు వాడే పర్మెత్రిన్ మందులు, ఇవన్నీ పిల్లికి విషమే. అన్నిటికంటే ప్రమాదం పారాసెటమాల్. మనం వేసుకునే ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. నొప్పికి మందు డాక్టర్ చెప్పిందే వేయాలి.

ఇంట్లో మనం చేయగలిగింది

అర లీటరు కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్లలో ఒక టీస్పూను ఉప్పు కలపండి. పాదాన్ని ఐదు నిమిషాలు అందులో ఉంచి, మెత్తటి గుడ్డతో వేళ్ల మధ్య పొడిగా అద్దండి. రోజుకు రెండుసార్లు చాలు. తువ్వాలులో పిల్లిని మొత్తం చుట్టి, ఆ ఒక్క కాలే బయటికి తీస్తే గీరదు. అయినా కరిస్తే, గీరితే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, రేబీస్ టీకా కోసం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పుండు మానేదాకా మెడకు గరాటులాంటి కాలర్ తీయొద్దు. దొడ్డికి వెళ్లే ట్రేలో ఇసుక బదులు చింపిన న్యూస్‌పేపర్ వేయండి, పుండులో రేణువులు పోవు.

మానని పుండు ఉన్న పిల్లిని గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. స్పోరోథ్రిక్స్ అనే బూజు మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, ముళ్ల మీద ఉంటుంది. గులాబీ తోటల్లో పనిచేసేవాళ్లకు ముల్లు గుచ్చుకుని వచ్చే జబ్బు ఇదే. బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో 1990ల చివరి నుంచి ఇది పిల్లుల గీరుడు ద్వారా వేలమంది మనుషులకు పాకింది.

ఇక తోట విషయం. ఆచ్ఛాదనకు గడ్డి తెచ్చుకునేటప్పుడు పల్లేరు కాయలు, కంప ముక్కలు ఏరి పరవండి. వారానికోసారి పిల్లి వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి చూడండి, రెండు నిమిషాల పని.

మామూలు వాపైతే దగ్గర్లోని డాక్టర్ చాలు. స్కాన్, ఆపరేషన్ అవసరమైతే హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు మాత్రం మర్చిపోకండి. ఎన్నిసార్లు వచ్చింది, ఎక్కడ వచ్చింది అన్న లెక్కే డాక్టర్‌కు సగం దారి చూపిస్తుంది.