నల్ల బీరుకు లేత మాల్టే మేలు

మాల్టు అనగానే మనలో చాలామందికి గుర్తుకు వచ్చేది చిన్నప్పుడు అమ్మ కాచి ఇచ్చిన రాగిమాల్టు. బీరుకు వాడే మాల్టు కూడా ఆ బాపతుదే. రాగులకు బదులు బార్లీ, అంతే తేడా. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టి, నలగ్గొట్టి, వేడినీళ్ళలో నానబెడితే తీపినీరు దిగుతుంది. దాన్ని తేనెలా చిక్కబరిస్తే మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్. పూర్తిగా ఆరిస్తే పొడి.

ఈ దేశంలో ఇంట్లో బీరు చేసుకోవడానికి ఫెడరల్ ప్రభుత్వం 1978లో అనుమతించింది. కార్టర్ గారు సంతకం చేసిన ఆ చట్టం 1979 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్ల వరకు చేసుకోవచ్చు, అమ్మకూడదు. మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు.

మేము ముగ్గురు మిత్రులం. థాంక్స్‌గివింగ్‌కు వచ్చే చుట్టాల కోసం స్టౌట్ అనే నల్ల బీరు చేద్దామని నడుం కట్టాం. నల్ల బీరుకు నల్ల మాల్టే కావాలి కదా అనుకుని ‘డార్క్’ అని రాసి ఉన్న డబ్బాలు రెండు తెచ్చాం. బేస్‌మెంటులో వారాల తరబడి కాపలా కాశాం. తీరా మూడు వందల మైళ్ళు కారు నడుపుకుని వచ్చిన బావగారు ఒక్క గుక్క తాగి, “ఏమర్రా, పిల్లల దగ్గుమందు గానీ పోశారా?” అన్నారు. యాభై సీసాలూ సింకు పాలయ్యాయి.

తప్పు ఎక్కడ జరిగిందో మా హైడ్రోమీటరు లెక్క చూసుకుంటే తెలిసింది. 1.050 దగ్గర మొదలై 1.024 దగ్గర ఆగిపోయింది. అంటే తీపి చాలావరకు మిగిలిపోయింది. నల్ల ఎక్స్‌ట్రాక్ట్‌లో ఈస్ట్ తినలేని పంచదారలు సాధారణంగా ఎక్కువ. అందులో ఏ గింజ ఎంత కలిపారో డబ్బా మీద రాయరు. పైగా మా డబ్బాలు పాతవి. ద్రవరూపంలో ఉన్న ఎక్స్‌ట్రాక్ట్ నిలవ ఉన్నకొద్దీ దానంతటదే నల్లబడుతుంది, రుచీ చెడుతుంది. ఆ నలుపు వేపుడు వల్ల వచ్చింది కాదు, వయసు వల్ల వచ్చింది.

అందుచేత మేము నేర్చుకున్నది ఇది: రంగును డబ్బాలో కొనకండి, గింజతో తెచ్చుకోండి. ఎక్స్‌ట్రాక్ట్ లేతరంగుదే తీసుకోండి. తేదీ చూడండి. హాప్స్ కలపనిది అడగండి, లేకపోతే చేదు మీ చేతిలో ఉండదు. పొడి అయితే ఎక్కువకాలం నిలుస్తుంది. అయిదు గాలన్లకు, అంటే 19 లీటర్లకు, పొడి 2.7 కిలోలు చాలు. ద్రవంలో నీరుంటుంది కనుక 3.4 కిలోలు కావాలి.

నలుపు కోసం బాగా వేపిన బార్లీ 350 గ్రాములు, కొంచెం తీపికి క్రిస్టల్ మాల్టు 225 గ్రాములు కచ్చాపచ్చాగా నలగ్గొట్టించి, పలుచని గుడ్డలో మూటకట్టి, నాలుగు లీటర్ల నీళ్ళలో 65–70 డిగ్రీల సెల్సియస్ వేడిమీద అరగంట ఉంచండి. కాఫీ డికాక్షన్ దిగినట్టే దిగుతుంది. మరగనివ్వకండి, మూటను పిండకండి, వగరు వస్తుంది. మూట తీసేసి, మిగతా నీళ్ళు చేర్చి, పొయ్యి ఆర్పి ఎక్స్‌ట్రాక్ట్ కలపండి. లేకపోతే పాకంలా అడుగంటుతుంది. తర్వాత గోల్డింగ్స్ హాప్స్ 60 గ్రాములు వేసి గంటసేపు మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేసి, 18–20 డిగ్రీల దగ్గర రెండు వారాలు పులియనివ్వండి. హైడ్రోమీటరు మూడు రోజులు వరసగా ఒకే అంకె చూపితేనే సీసాల్లోకి ఎత్తండి. తొందరపడితే సీసాలు పేలతాయి.

ఈసారి మాది 1.055 నుంచి 1.015కు దిగింది. ఆల్కహాలు అయిదు శాతం పైచిలుకు. ఫిబ్రవరి మంచులో మళ్ళీ వచ్చిన బావగారు మాట్లాడకుండా రెండో గ్లాసు చాపారు. ఆ రాత్రి ఆయన కారు తాళాలు మాత్రం మా దగ్గరే ఉంచుకున్నాం.

మీరూ చేసి చూడండి. ఎలా కుదిరిందో మాకు రాయండి.