శాస్త్రవ్యాసం – ఆధారసూచి

సంస్కృత మహాకావ్యాలకు వ్యాఖ్యానాలు రచించి ప్రసిద్ధి పొందిన కోలాచల మల్లినాథసూరి తెలుగువాడు. మెదక్ ప్రాంతంలోని కొల్చారం ఆయన స్వగ్రామమని ప్రతీతి. ఆధారం లేనిదేదీ వ్రాయననీ, అవసరం లేనిదేదీ చెప్పననీ ఆయన వ్యాఖ్యానారంభంలోనే ప్రతిజ్ఞ చేశాడు. పదానికి అర్థం చెప్పిన వెంటనే ‘ఇత్యమరః’ అని, అంటే అమరకోశం ఇలా చెప్పిందని, తన ఆధారాన్ని అక్కడికక్కడే చూపాడు. సందేహం కలిగిన పాఠకుడు నిఘంటువును తెరిచి సరిచూసుకోవచ్చు. నేటి శాస్త్రవేత్త తన పరిశోధన వ్యాసంలో ఆధారాలను పేర్కొనడంలోని ఉద్దేశం కూడా ఇదే.

శాస్త్రవ్యాసంలో ఈ ఏర్పాటు రెండు భాగాలుగా ఉంటుంది. ఇతరుల పరిశోధనను ప్రస్తావించిన చోటనే క్లుప్తంగా ఇచ్చే గుర్తు మొదటిది. దీనిని ఉల్లేఖనం అనవచ్చు. ఆ గుర్తుకు సంబంధించిన పూర్తి వివరాలను వ్యాసం చివర వరుసగా ఇచ్చే పట్టిక రెండవది. ఇది ఆధారసూచి. వ్యాసంలో ఉల్లేఖించిన ప్రతి రచనా సూచిలో ఉండాలి. సూచిలోని ప్రతి రచనా వ్యాసంలో ఎక్కడో ఒకచోట ప్రస్తావనకు వచ్చి ఉండాలి. సొంత ప్రయోగ ఫలితానికీ, అందరూ ఎరిగిన విషయానికీ ఉల్లేఖనం అక్కరలేదు. ఇతరుల ఫలితాన్నిగాని, పద్ధతినిగాని, అభిప్రాయాన్నిగాని గ్రహించినపుడు మాత్రం అది తప్పనిసరి.

ఉల్లేఖన పద్ధతులలో రెండు ప్రధానమైనవి. రచయిత పేరును, ప్రచురణ సంవత్సరాన్ని కుండలీకరణాలలో ఇవ్వడం ఒక పద్ధతి. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ 1881లో ప్రచురించిన వ్యాసంలో ఇది తొలుత కనిపిస్తుందని చెబుతారు. అందువల్ల దీనికి హార్వర్డ్ పద్ధతి అనే పేరు వచ్చింది. ఇందులో ఆధారసూచి రచయితల పేర్ల అక్షరక్రమంలో ఉంటుంది. రెండవది సంఖ్యా పద్ధతి. 1978లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్ నగరంలో సమావేశమై, తమ పత్రికలకు పంపే వ్యాసాలన్నింటికీ ఒకే విధమైన నియమాలను రూపొందించుకున్నారు. అవి 1979లో వెలువడ్డాయి. ఈ వాంకూవర్ పద్ధతిలో మొదట ప్రస్తావించిన రచనకు 1, తరువాతి దానికి 2 అని వరుస సంఖ్యలు వేస్తారు. ఒకసారి ఇచ్చిన సంఖ్యే ఆ రచనకు వ్యాసమంతటా నిలుస్తుంది.

సూచిలో ఒక్కొక్క అంశం ఏ విధంగా ఉంటుందో ఒక ఉదాహరణలో చూడవచ్చు. భీమవరంలో 1895లో జన్మించిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశాడు. రంగు గాఢతను బట్టి ఫాస్ఫరస్ పరిమాణాన్ని కొలిచే పద్ధతిని వారు కనుగొన్నారు. వారి వ్యాసాన్ని వాంకూవర్ పద్ధతిలో ఇలా చూపుతారు:

ఫిస్కే సి.హెచ్., సుబ్బారావు వై. ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జె. బయోల్. కెమ్. 1925, 66: 375–400.

ఇందులో మొదట రచయితల పేర్లు, పిదప వ్యాస శీర్షిక, ఆపై ‘జర్నల్ ఆఫ్ బయోలాజికల్ కెమిస్ట్రీ’ అనే పత్రిక పేరు సంక్షిప్త రూపంలో ఉన్నాయి. 1925 ప్రచురణ సంవత్సరం, 66 సంపుటం, 375–400 పుటలు. సంఖ్యలలో ఒక్క అంకె తారుమారైనా పాఠకుడు వేరొక వ్యాసం వద్దకు చేరుకుంటాడు. హార్వర్డ్ పద్ధతిలోనూ ఈ వివరాలే ఉంటాయి. కాని సంవత్సరం రచయితల పేర్ల వెంటనే వస్తుంది.

ఈ ఉదాహరణలో పేరును గమనించాలి. తెలుగువారికి ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత రావడం అలవాటు. పాశ్చాత్యులకు కుటుంబనామం చివర వస్తుంది. అందుచేత విదేశీ పత్రికలలో ‘సుబ్బారావు’ కుటుంబనామం స్థానాన్ని పొందింది. ‘యల్లాప్రగడ’ ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. ఒకే వ్యక్తి పేరు ఒక వ్యాసంలో ఒక రీతిగా, మరొక వ్యాసంలో వేరొక రీతిగా అచ్చయితే ఇద్దరు వ్యక్తులని పాఠకులు భ్రమపడతారు. కనుక యువ పరిశోధకులు తమ పేరును మొదటి వ్యాసం నుండీ ఒకే రూపంలో వ్రాయడం మేలు. ఇతరుల పేర్లను వారి వ్యాసంలో అచ్చయిన రూపంలోనే గ్రహించాలి.

వ్యాసం పంపే ముందు ఆ పత్రిక ప్రకటించిన రచయితల సూచనలను శ్రద్ధగా చదవాలి. కామా ఎక్కడ ఉండాలి, ఎంతమంది రచయితల పేర్లు ఇచ్చిన పిదప ‘తదితరులు’ అనవచ్చు అనే విషయాలలో పత్రికల నియమాలు భిన్నంగా ఉంటాయి. సూచిని కోరిన రూపంలోకి మార్చే కంప్యూటర్ సాధనాలు నేడు ఉన్నాయి. 2000వ సంవత్సరం నుండి వ్యాసాలకు డి.ఓ.ఐ. అనే శాశ్వత గుర్తింపు సంఖ్యలను కూడా ఇస్తున్నారు. అంతర్జాలంలో వ్యాసం చిరునామా మారినా ఈ సంఖ్య మారదు.

రూపం సక్రమంగా ఉన్నంత మాత్రాన ఉల్లేఖనం సక్రమమైనట్లు కాదు. 1980లో అమెరికాలోని ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్ అనేవారి లేఖ ఒకటి వెలువడింది. అందులో ఉన్నవి అయిదు వాక్యాలే. ఆసుపత్రిలో ఉండగా నల్లమందు జాతికి చెందిన నొప్పి మందులు పొందిన 11,882 మంది రోగులలో, పూర్వం వ్యసనం లేనివారికి అది కొత్తగా కలిగిన సందర్భాలు నాలుగే కనిపించాయని అందులో తెలిపారు. ఇంటివద్ద నెలల తరబడి ఆ మందులు వాడేవారిని గురించి ఆ లేఖ ఏమీ చెప్పలేదు.

2017లో అదే పత్రికలో ప్రచురితమైన ఒక పరిశీలన ఆ లేఖను ఉల్లేఖించిన 608 రచనలను లెక్కించింది. వాటిలో 72.2 శాతం ఆ మందుల వల్ల వ్యసనం అరుదని చెప్పడానికి ఆ లేఖను ఆధారంగా చూపాయి. అందులోని రోగులు ఆసుపత్రిలో ఉన్నవారన్న సంగతిని 80.8 శాతం పేర్కొననే లేదు. ఈలోగా ఆ దేశంలో ఆ మందుల వాడకం విపరీతంగా పెరిగింది. 1999 తరువాత నల్లమందు జాతి మందులు, మాదకద్రవ్యాల అధిక మోతాదు వల్ల లక్షల మంది మరణించారు. ఈ విపత్తుకు ఆ లేఖ ఒక్కటే కారణం కాదు. అయితే చదవకుండా చేసిన ఉల్లేఖనాలు ఒక అపోహకు శాస్త్రగౌరవాన్ని కల్పించాయి.

కనుక మూలాన్ని స్వయంగా చదివిన తరువాతనే సూచిలో చేర్చాలి. మరొకరి వ్యాసం చివర కనిపించిన ఆధారాన్ని చూడకుండా ఎత్తి వ్రాయరాదు. కృత్రిమ మేధ సాధనాలు ఒక్కొక్కప్పుడు లోకంలో లేని వ్యాసాలకు సైతం రచయిత పేరు, సంపుటం, పుటల సంఖ్యలు కల్పించి ఇస్తున్నాయి. అందువల్ల ప్రతి ఆధారాన్నీ మూలంతో పోల్చి చూడడం మునుపటికంటె నేడు మరింత అవసరం. ఏ ప్రయోగశాలలోనో ఒక విద్యార్థి ఆ సూచిని నమ్మి ఫిస్కే, సుబ్బారావుల వ్యాసం కోసం వెదికితే, 66వ సంపుటం 375వ పుటలో అది అతనికి కనిపించాలి. వ్యాసకర్త చెప్పిన మాట అందులో నిజంగా ఉండాలి.